ఎర్ర కిటికీ తీసేసిన వారం

ఎసెన్‌కుల్ కంప్యూటరు తెర మీద పంతొమ్మిదేళ్ళుగా రెండే కిటికీలు. ఎడమ పక్కది ఎర్రది, కుడి పక్కది ఆకుపచ్చది. ఎర్రది అసలు యంత్రం. సారీ-తాల్ కాలువ మీదున్న నూట పద్నాలుగు తూములకీ ఎవరి వంతు ఎప్పుడో చెప్పేది అదే. ఆకుపచ్చది దానికి నకలు. అందులో ఏం రాసినా, ఏం చెరిపినా చుక్క నీరు కదలదు. ఎర్రదాంట్లో చెయ్యి పెట్టాలంటే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, ఆకుపచ్చదాంట్లో ఎలా ఆడుకున్నా అడిగేవాడు లేడు. ఆ ఉద్యోగానికి కావలసిన చదువంతా ఇంతే.

ఆ చదువు చెప్పిపోయింది వాలెరీ అనే రష్యన్ ఇంజనీరు. ఆయన సామాను సర్దుకుని సరాటోవ్ వెళ్ళిపోయి పదిహేనేళ్ళు దాటింది. ఈ ఉద్యోగానికి ముందు ఎసెన్‌కుల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు లాగేవాడు. ఎనిమిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేశాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలడు గానీ మాటలు తెలియవు. లినక్స్‌లో తను రోజూ కొట్టే ఆజ్ఞల్ని అతను చదవడు, గుర్తుపడతాడు. మందలో తన గొర్రెని కాపరి చెవికోత చూసి పట్టుకుంటాడే, అలాగ. ఆ ఆఫీసుకి ఇద్దరు డైరెక్టర్లు వచ్చారు, పోయారు. ముగ్గురు ఇంజనీర్లు పట్టాలు పట్టుకొచ్చారు, పోయారు. తూములు మాత్రం రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి జాబితా చదువుకుని టైముకి తెరుచుకుంటూనే ఉన్నాయి. ఎవరివల్ల తెరుచుకుంటున్నాయో ఎవరూ అడగలేదు. బాగా జరిగేదాని గురించి ఎవరడుగుతారు?

జూలై మొదటి సోమవారం పొద్దున్నే మిర్లాన్ ఆ గదిలోకి వచ్చాడు. ముప్పై ఒక్కేళ్ళవాడు, ఇప్పుడు ఈ విభాగానికి అధికారి. ఎనిమిదేళ్ళ కిందట ఇదే గదిలో, ఇదే కుర్చీ పక్కన స్టూలేసుకుని, ఏ రంగు కిటికీలో ఏం కొట్టకూడదో ఎసెన్‌కుల్ దగ్గర నేర్చుకున్నాడు. తరవాత రాజధాని బిష్కెక్ వెళ్ళి పట్టా తెచ్చుకుని పైవాడై దిగాడు. పిలుపు మాత్రం పాతదే, బైకే అని, అన్నగారూ అన్నట్టు.

"బైకే, మీ గది తలుపు తీస్తే చాలు, మ్యూజియం టిక్కెట్టు కొనాలేమో అనిపిస్తుంది," అన్నాడు.

"కొనుక్కో మరి. లోపలున్న బొమ్మే గదా నీకు రొట్టె పెడుతోంది."

"నవ్వులాట కాదు బైకే. గురువారం కమిటీ వస్తోంది. పట్టా లేనివాళ్ళందర్నీ పరీక్ష చేస్తారట. మన ఆఫీసులో పట్టా లేనిది మీకూ, కాపలావాడి కుక్కకీ."

"కుక్కని ముందు పంపు. దానికి అనుభవం ఎక్కువ."

మిర్లాన్ నవ్వలేదు. స్టూలు లాక్కుని కూచుని గొంతు తగ్గించాడు.

"ఇందులో తప్పితే కాంట్రాక్టు పొడిగించరు. కాగితం వచ్చేసింది. నా సంతకం ఎలాగూ ఉంటుంది, కానీ వాళ్ళ ఎదురుగా కూచోవలసింది మీరు."

ఎసెన్‌కుల్‌కి యాభై ఆరు. పెన్షనుకి ఇంకా ఏడేళ్ళు. పట్టా లేని ఆ వయసు మగాడికి ఆ తలాస్ లోయలో దొరికే పని ఒక్కటే: చిక్కుడు గింజల గోడౌన్లో, ఆడవాళ్ళ మధ్య బల్ల ముందు కూచుని తెల్ల గింజ ఒక పక్కకీ పుచ్చు గింజ ఒక పక్కకీ తొయ్యడం. అతని తమ్ముడు ఆ పనిలోనే ఉన్నాడు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తున్నావు" అని అడిగితే చాలు, లేచి సిగరెట్టుకి బయటికి పోతాడు.

"ఏమడుగుతారు?" అన్నాడు ఎసెన్‌కుల్.

"జాబితా మొత్తం పోతే ఏం చేస్తారని అడుగుతారు. అదొక్కటే వాళ్ళకి తెలిసిన ప్రశ్న. నేనే చెప్పి అడిగిస్తాను. నకలు యంత్రంలో అంతా చెరిపేసి నాలుగు నిమిషాల్లో తిరిగి నిలబెడతారు గదా, అది చూపించండి. కానీ ఈ తెర మీద కాదు." మిర్లాన్ ఎర్ర కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఈ రంగులు చూస్తే కమిటీ పెద్దావిడ ఏమనుకుంటుందో తెలుసా? పిల్లల బడి అనుకుంటుంది. కొత్త టెర్మినల్ ఎక్కిస్తాను. మూడ్రోజులు అలవాటు చేసుకోండి."

అక్కడే కూచుని పావుగంటలో ఎక్కించేశాడు. పాతదాన్ని తీసేయలేదు, మూలకి నెట్టాడు. అదొక మర్యాద.

కొత్తది చీకటి పడుతున్న ఆకాశం రంగులో ఉంది. అక్షరాలు చెక్కినట్టున్నాయి. కిటికీలు విడివిడిగా ఉండవు. ఒక్కటే పెద్ద కిటికీ, దాని నెత్తిన వరసగా ట్యాబులు. ఏ ట్యాబు తీసినా ఒకే నీలం. ఏ యంత్రంలో ఉన్నామో వరస మొదట్లో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది, చదువుకునేవాళ్ళకి.

సోమవారమంతా ఎసెన్‌కుల్ దాన్ని తిట్టాడు. పక్క గదిలోంచి బుబుసారా వినలేక తలుపు దగ్గరికి వచ్చింది. అరవై ఒకటి ఆవిడకి, ఆఫీసంతటికీ ఎజే, అంటే అక్క. కాలువ ఆఫీసు కిటికీ దగ్గర కూచుని, ఊళ్ళలో నీళ్ళు వదిలే నీరటుల చీటీలు తీసుకునే మనిషి. ఇద్దరు రైతులు తమ నీటి వంతులు మార్చుకుంటే చీటీ మీద ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఆ ఊరి నీరటి దాన్ని పొద్దున్న పదింటి లోపల బుబుసారా చేతికిస్తాడు. ఆవిడ మార్పుని అసలు యంత్రంలోకి ఎక్కించి, చీటీ మీద ముద్ర కొట్టి తిరిగి ఇచ్చేస్తుంది. ముద్ర ఉన్న చీటీ నీరటి జేబులోనే ఉండాలి. అర్ధరాత్రి తూము దగ్గర ఎవడైనా పార ఎత్తితే అతనికి అడ్డం పెట్టుకోవడానికి ఉన్నది అదొక్కటే.

"ఎవర్ని తమ్ముడూ అలా తిడుతున్నావు?"

"మిర్లాన్ తెచ్చిన కొత్త కోడల్ని, ఎజే."

"చూడ్డానికి బావుందే."

"కోడళ్ళందరూ వచ్చిన రోజున బావుంటారు."

"నీకు ఎర్ర గౌను తొడుక్కున్నదే కావాలి," అని బుబుసారా నవ్వుకుంటూ పోయింది. ఆమె నవ్వు అలాంటిది. వినేవాణ్ణి పక్కన కూచోబెట్టుకున్నట్టు ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నానికి సంగతి తిరగబడింది. ఎసెన్‌కుల్‌కి అది నచ్చింది. పాత కిటికీలో వెయ్యిన్నూట ఎనభై వరసల జాబితా పైకి తిప్పితే గుట్టెక్కే పాత లారీలా గునుస్తూ వచ్చేది. ఇది వేలు తగిలితే పరుగెత్తింది. కళ్ళు మండడం లేదు. ఎప్పుడో వారం కిందట కొట్టిన ఆజ్ఞని మొదటి రెండక్షరాలు కొడితే తనే పూర్తి చేసి చూపిస్తోంది. ఇన్నేళ్ళూ ఈ సుఖం ఉందని ఎవరూ చెప్పలేదే అని మనసులో కష్టపెట్టుకున్నాడు. చెప్పి ఉంటే వినేవాడు కాదన్నది వేరే సంగతి.

ఒక్కటే లోటు, రంగులు. రంగులు మార్చే చోటు వెతికి తెరిస్తే పేజీ నిండా ఇంగ్లీషు. రెండు వరసలు కూడబలుక్కుని మూసేశాడు. బుధవారం భోజనాల వేళ వరండాలో మిర్లాన్ కనిపిస్తే అడిగాడు. అకౌంట్సు అమ్మాయిలిద్దరు అక్కడే పులిసిన మక్సిమ్ జావ తాగుతున్నారు.

"ఎర్ర రంగు ఎక్కడ పెట్టాలి దీంట్లో?"

"అదెంత పని బైకే, సెట్టింగుల్లో ఒక్క లైను రాస్తే సరి. మీకు రాదా ఏంటి?"

అమ్మాయిల్లో ఒకతి గ్లాసు దించి చూసింది.

"రాకేం," అన్నాడు ఎసెన్‌కుల్.

ఆ ఒక్క మాటతో రంగుల సంగతి ముగిసిపోయింది. తిరిగి గదిలోకి వచ్చి తనే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. మొదటి ట్యాబు ఎప్పుడూ అసలు యంత్రం. రెండో ట్యాబు ఎప్పుడూ నకలు. వేలితో రెండంకె నొక్కితే నకల్లోకి పోతాడు. సాయంత్రం దాకా నొక్కి నొక్కి వేలికి నేర్పాడు. కంటికి పంతొమ్మిదేళ్ళు నేర్పింది వేలికి ఒక్క పూటలో నేర్పాననుకున్నాడు.

గురువారం కమిటీ పదకొండింటికి వచ్చింది. పెద్దావిడ పేరు రైహాన్ అసానోవ్నా. జుట్టుకి రంగేసుకుని, చల్లగా మాట్లాడే మనిషి. వెంట ఇద్దరు మగవాళ్ళు, ఒకరి చేతిలో ఫైలు, ఒకరి చేతిలో ఏమీ లేదు. ఎసెన్‌కుల్ ఉతికిన చొక్కా వేసుకుని గేటు దాకా ఎదురు వెళ్ళాడు. అతను గేటు దగ్గరున్న ఆ పది నిమిషాల్లో మిర్లాన్ గదిలోకి వచ్చి, పొద్దుటి మార్పులు సరిగా పడ్డాయో లేదో చూద్దామని అసలు యంత్రంలోకి ఇంకో ట్యాబు తెరిచాడు. పడ్డాయి, ఇరవై మూడు. చూసుకుని తృప్తిపడి, ట్యాబుని అలాగే వదిలేసి వాళ్ళకి ఎదురొచ్చాడు. అది మొదటి దాని పక్కనే, రెండోదిగా కూచుంది. నకలు మూడోదైపోయింది.

మూడు ట్యాబులున్నాయని తెలియాలంటే తెర పైకొస వైపు చూడాలి. ఎసెన్‌కుల్ చూస్తున్నది రైహాన్ అసానోవ్నా మొహం.

"అయితే చెప్పండి," అంది ఆవిడ, అప్పగించిన ప్రశ్నని అప్పగించినట్టే. "ఈ జాబితా మొత్తం పోయిందనుకోండి. ఏం చేస్తారు?"

"చెప్పడం ఎందుకండీ, పోగొట్టి చూపిస్తాను."

ఆ మాట పొద్దున్నే అద్దం ముందు గడ్డం గీసుకుంటూ తయారుచేసుకున్నాడు. అనుకున్నట్టే ఆవిడ నవ్వింది. అతను రెండంకె నొక్కాడు. చెరిపే ఆజ్ఞ కొట్టాడు. యంత్రం ఒక్క క్షణం ఆగింది. నకల్లో ఆడుకోవడానికని ఉంచింది నలభై వరసలే, దానికి ఆగాల్సిన పని లేదు. తెర మీద అంకె వచ్చింది: వెయ్యిన్నూట ఎనభై వరసలు చెరిగాయి.

ఎసెన్‌కుల్‌కి చెవుల్లో నీళ్ళు పోయినట్టైంది. అప్పుడు చదివాడు, వరస మొదట చిన్న అక్షరాలతో ఉన్న పేరు.

"పోయిందా అంతా?" అంది రైహాన్ అసానోవ్నా వేడుకగా.

"పోయింది."

సరిగ్గా అప్పుడే బుబుసారా పళ్ళెంతో లోపలికి వచ్చింది. పాలు పోసిన టీ, నూనెలో వేయించిన వేడి బోర్సోక్ రొట్టెముక్కలు, రేగుపళ్ళ జాము. కమిటీ ముగ్గురూ బల్ల వైపు తిరిగారు. "ముందు తినండి, యంత్రం ఎక్కడికీ పోదు," అంటోంది బుబుసారా. మిర్లాన్ వైరు సర్దుతున్నట్టు వంగి ఎసెన్‌కుల్ భుజం దగ్గరికి వచ్చాడు.

"అది అసలుది."

"తెలుసు."

"నేను తెరిచిన ట్యాబు." మిర్లాన్ మొహంలో నెత్తురు లేదు. "రాత్రి తీసి దాచిన ప్రతి ఉంది గదా?"

"రాత్రి రెండింటికి తీసింది ఉంది. పొద్దుటి మార్పులు అందులో ఉండవు. వాటి పద్దు కూడా జాబితా పక్కనే పెట్టుకున్నాను, అదీ దీంతోనే పోయింది."

"చీటీలు?"

"నీరటుల జేబుల్లో."

గోడ గడియారం పదకొండూ ముప్పై ఆరు చూపిస్తోంది. పన్నెండింటికి తూములు జాబితా చదువుకుంటాయి. ఒకసారి చదువుకున్నాక మర్నాడు పన్నెండు దాకా ఎవరు మొత్తుకున్నా వినవు.

"ఓ గంట ఆపించు," అన్నాడు ఎసెన్‌కుల్. "ఇరవై మూడు ఫోన్లు. ఎజే దగ్గర అందరి నంబర్లూ ఉన్నాయి. గంటలో అన్నీ మళ్ళీ ఎక్కించేస్తాం."

"ఆపించాలంటే డైరెక్టరుకి కారణం చెప్పాలి. ఆయన ఈవిడ కోసం పక్క గదిలోనే కూచున్నాడు." మిర్లాన్ ఇంకా వంగాడు. "మీరు చెప్పండి బైకే. మీ నోటితో చెప్పండి, ఇప్పుడే ఆపిస్తాను. నేనెలా చెప్పను?"

ఎసెన్‌కుల్ కుర్చీ తిప్పాడు. చెబుదామనే తిప్పాడు. అది మాత్రం అబద్ధం కాదు. కానీ బుబుసారా అప్పటికే రైహాన్ అసానోవ్నా కప్పులో రెండోసారి టీ పోస్తూ అతని గురించే చెబుతోంది.

"ఈ గదిలో పంతొమ్మిదేళ్ళలో ఒక్క పొరపాటు జరగలేదండీ. మా ఊళ్ళో మనుషులు గడియారం తప్పంటారు గానీ ఎసెన్‌కుల్ జాబితా తప్పనరు."

"పట్టా లేకుండానే!" అంది ఆవిడ అతని వైపు తిరిగి, నిజంగానే మెచ్చుకుంటూ. "చూశారా, మనం కాగితాలు చూస్తాం గానీ మనుషుల్ని చూడం."

పంతొమ్మిదేళ్ళలో అతనికి ఎదురుగా ఎవరూ అలా అనలేదు. ఆ మాట రాక రాక ఆ నిమిషానే రావాలి. ఎసెన్‌కుల్ నోరు తెరిచి, "తిరిగి నిలబెట్టి చూపిస్తానండీ," అన్నాడు. కుర్చీ మళ్ళీ తెర వైపు తిప్పుకున్నాడు. రాత్రి రెండింటి ప్రతి తెచ్చి పోశాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు, కొత్త టెర్మినల్ చురుకైనది గదా. వరసలు నీలం మీద తెల్లగా జారిపోతుంటే, చేతిలో ఏమీ లేనాయన బోర్సోక్ పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. మిగతా ఇద్దరూ కొట్టారు. బుబుసారా కూడా కొట్టింది, పళ్ళెం చంకలో పెట్టుకుని.

పన్నెండైంది. తూములు చదువుకున్నాయి.

కాగితం మీద సంతకాలు ఒంటిగంటకల్లా అయిపోయాయి. "అర్హుడు" అని రాశారు. మిర్లాన్ వీపు తట్టలేదు, కళ్ళలోకి చూడలేదు. ఇంటికెళ్తే భార్య పొరుగువాళ్ళకి పంచడానికని గుర్రమాంసం ఉడకేసింది. ఎసెన్‌కుల్ రెండు ముక్కలు తిని లేచి వెళ్ళి పడుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికే కల్మత్ వచ్చాడు. దిగువ ఊరి నీరటి. మోకాళ్ళ దాకా బురద, చేతిలో ముద్ర కొట్టిన చీటీ. బుబుసారా కిటికీ రెక్క మీద దాన్ని అరచేత్తో కొట్టాడు.

"ఇది ఏంటి ఎజే? ఇది ముద్రా, లేక ఈగ గుడ్డు పెట్టిందా?"

"ముద్రే. నేనే కొట్టాను."

"మరి రాత్రి తొమ్మిదింటికి సాత్‌కిన్ పొలానికి రావలసిన నీళ్ళు పైవాడి పొలంలోకి ఎందుకు పోయాయి? వాడు ఊళ్ళోనే లేడు, వంతు సాత్‌కిన్‌కిచ్చి బిష్కెక్ పోయాడు. నీళ్ళన్నీ రోడ్డెక్కాయి. పూతమీదున్న చిక్కుడు, ఈ ఎండకి ఇంకో రోజు ఆగుతుందా? పూత రాలిపోతే సాత్‌కిన్ వచ్చి నా మీసం పీకుతుందా, నీ జడ పీకుతుందా?"

"అరవకు కల్మత్. నేను ఎక్కించాను."

"ఎక్కిస్తే ఎక్కడికి పోయింది? కొండెక్కిందా?"

అతను ఒక్కడే అయితే సర్దుకునేది. పది దాటేసరికి కిటికీ ముందు తొమ్మిదిమంది. ఎగువ ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు పారలతో కొట్టుకుని ఒకడికి చెయ్యి విరిగింది. అందరి చీటీల మీదా ముద్ర ఉంది. అదే బుబుసారాకి ఉరైంది. చీటీ అందలేదని ఆవిడ అనడానికి లేదు. అందింది, ముద్ర కొట్టింది, యంత్రంలో మాత్రం లేదు.

డైరెక్టరు అందర్నీ తన గదిలోకి పిలిచాడు. మిర్లాన్ చాలా జాగ్రత్తగా మాట్లాడాడు. ఎవర్నీ అబద్ధం చెప్పమనలేదు.

"ఎసెన్‌కుల్ బైకే, మీరు యంత్రం చూశారు. నిన్నటి జాబితాలో ఈ మార్పులు ఉన్నాయా, లేవా? అదొక్కటి చెప్పండి చాలు."

బుబుసారా అతని వైపు తిరిగింది. ఆ మొహంలో భయం లేదు. ఎసెన్‌కుల్ చూసి చెబుతాడు గదా, గొడవ తీరిపోతుందన్న ధీమా ఉంది.

"లేవు," అన్నాడు ఎసెన్‌కుల్.

అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా వచ్చింది. అబద్ధమైతే గొంతులో ఎక్కడో తగులుకునేది, ఎవరో ఒకరు పట్టుకునేవారు. నిజానికి ఆ ఇబ్బంది లేదు. సరిగ్గా కొలిచి కోసుకుంటే నిజంతో ఎవరి మెడైనా తెగుతుంది.

డైరెక్టరు బుబుసారా వయసు కనుక్కున్నాడు. అరవై ఒకటని అతనికి తెలుసు, అయినా అందరి ముందూ అడిగి చెప్పించుకున్నాడు. సోమవారం లోపల వివరణ రాసి ఇమ్మన్నాడు. ఆ తరవాత కిటికీ దగ్గర వేరే ఎవరో కూచుంటారు. అంతటితో పోలీసుల దాకా పోకుండా చూస్తానన్నాడు. అది ఆవిడ మీద దయ.

గది బయట వరండాలో మిర్లాన్ ఎసెన్‌కుల్‌ని దాటిపోతూ ఒక్క క్షణం ఆగాడు.

"ఆవిడకి పెన్షను వస్తుంది బైకే. మీకు రాదు. లెక్క చూసుకోండి." తరవాత, అడక్కపోయినా, "ఆ రంగు లైను నేను రాసి పెడతాను," అన్నాడు.

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దన్నాను గదా."

మిర్లాన్ భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నించి అతను ఆ గదిలోకి వచ్చినప్పుడల్లా తలుపు తట్టి వచ్చేవాడు. ఎప్పుడూ లేని మర్యాద. ఒకరి గొంతు ఒకరి చేతిలో ఉన్నవాళ్ళకి ఇలాంటి మర్యాదలు వాటంతటవే అలవడతాయి.

శని, ఆదివారాలు ఎలాగో గడిచాయి. ఎసెన్‌కుల్ ఇంటి వెనక దొడ్లో కంచె బాగుచేశాడు. బాగున్న కంచెనే ఊడదీసి బాగుచేశాడు. రెండుసార్లు బుబుసారా ఇంటి వీధి దాకా నడిచాడు. మొదటిసారి ఆవిడ ఇంట్లో కూతురూ మనవలూ ఉన్నారు, పదిమందిలో ఏం మాట్లాడతాం అనుకుని తిరిగొచ్చేశాడు. రెండోసారి ఆవిడ ఒక్కతే వాకిట్లో కంబళి దులుపుతోంది. ఒక్కతే ఉంది, పలకరిస్తే ఏడుస్తుందేమో అనుకుని తిరిగొచ్చేశాడు.

సోమవారం ఆవిడే అతని గదిలోకి వచ్చింది. చేతిలో తెల్ల కాగితం, దాని మీద తన చేత్తో రాసుకున్న నాలుగు వరసలు, కొట్టివేతలు.

"టైపు చేసి ఇమ్మంటున్నారు తమ్ముడూ. నాకు ఆ ఆఫీసు భాష రాదు. నువ్వు ఇలాంటివి బోలెడు రాశావు గదా."

"కూచోండి ఎజే."

ఆవిడ స్టూలు మీద కూచుంది. నీలం తెర మీద అతను ఖాళీ పేజీ తెరిచాడు. పైన డైరెక్టరు పేరు, కింద ఆవిడ పేరు, హోదా, వివరణ అన్న మాట. ఇవన్నీ చేతికి వచ్చినవే.

"నేను ఎక్కించాననే అనుకుంటున్నాను," అంది బుబుసారా. "ఒక్కొక్కటీ. కల్మత్ చీటీ మీద టీ మరక ఉంది, అదీ గుర్తుంది. ఇంటికెళ్ళి ఆలోచించాను, మళ్ళీ ఆలోచించాను. వేళ్ళు కదిలినట్టే అనిపిస్తుంది. కానీ నువ్వు చూశావు గదా. లేవన్నావు గదా."

ఇప్పుడు చెప్పొచ్చు. గదిలో ఇద్దరే. తలుపు మూసే ఉంది. ఎసెన్‌కుల్ కళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి.

"లేవు ఎజే."

"అయితే ఎక్కించాననుకుని ఎక్కించలేదన్న మాట." ఆవిడ తల ఊపింది, వైద్యుడి మాటకి ఊపినట్టు. "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. పొయ్యి ఆర్పాననేది. వెళ్ళి చూస్తే మండుతూ ఉండేది. నాకు ఇంత తొందరగా వస్తుందనుకోలేదు. నువ్వు తప్పుగా అనుకోకు, నీ మీద నాకు ఏం లేదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పావు. మిగతావాళ్ళైతే నా మొహం చూసి ఏదో సర్దిచెప్పేవారు, నేను ఇంకా కిటికీ దగ్గర కూచుని ఇంకెవరి పొలమో ఎండబెట్టేదాన్ని."

అతను ఏదో ఒకటి నొక్కాలి గనక ఖాళీ మీట నొక్కాడు. వెనక్కి చెరిపాడు.

"కారణం రాయాలా?" అంది ఆవిడ.

"రాయాలి. కారణం లేకపోతే తిప్పి పంపుతారు."

బుబుసారా కళ్ళు మూసుకుంది. చాలాసేపు వెతికింది. లేనిదాన్ని వెతుకుతోందని ఆ గదిలో ఒకడికే తెలుసు.

"ఆవేళ మధ్యలో ఫోను మోగింది," అంది చివరికి మెల్లిగా. "మా అమ్మాయి. పిల్లాడికి జ్వరమని. అప్పుడే అయ్యుంటుంది. చీటీల మీద ముద్రలు ముందే కొట్టేసుకుని, తరవాత ఎక్కిద్దామనుకుని లేచుంటాను. లేచి మళ్ళీ కూచోలేదు." చెబుతున్నకొద్దీ ఆవిడ గొంతు స్థిరపడింది. కళ్ళు తెరిచింది. "అవును, అదే. ఇప్పుడు గుర్తొస్తోంది. అలాగే జరిగింది."

ఎసెన్‌కుల్ ఆ మాటల్ని ఆఫీసు భాషలోకి మార్చి కొట్టాడు. విధి నిర్వహణలో ఉండగా వ్యక్తిగత ఫోను వచ్చినందున. వాక్యం మధ్యలో ఆగాడు. ఇలాంటి కాగితాల్లో టైము లేకపోతే ఒప్పుకోరు.

"ఎన్నింటికి మోగింది ఎజే?"

ఆవిడ ఆలోచించింది.

"తొమ్మిదిన్నర. కాదు, ఉండు, తొమ్మిదీ నలభై. తొమ్మిదీ నలభై అని రాయి."

అతను తొమ్మిదీ నలభై అని రాశాడు.